వాడుకలో ఉన్న ఫోల్డరు

సోమవారం మొదలు శుక్రవారం వరకు మా నీటి సరఫరా కార్యాలయంలో కంప్యూటర్ పరిశుభ్రతా వారం జరుపబడుననీ, సిబ్బంది యావన్మందీ తమ తమ కంప్యూటర్లలోని చెత్తను తొలగించు కార్యక్రమంలో మనస్ఫూర్తిగా పాల్గొనవలెననీ, తత్కారణంగా ఆ ఐదు రోజులు ప్రజల పనులేవీ చేపట్టబడవనీ నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించడమైనది. చివరి వాక్యం అనవసరమని మాలో కొందరన్నారు. మిగతా వారాల్లో ఏం చేపడుతున్నాం గనక అని వారి ఉద్దేశం. కానీ మా అధికారి గారు నియమాల మనిషి. పని మానేయడమైనా సరే, ముందుగా ప్రకటించి మానాలంటారు.

ఈ వారానికి సర్వాధికారిగా నన్ను నియమించారు. నేను అక్కడ రెండో గుమాస్తాను. అయితే నన్నెవరూ గుమాస్తా అనరు, ‘నిపుణుడు గారూ’ అంటారు. ఈ బిరుదు నాకు ఊరికే రాలేదు. మూడేళ్ళ క్రితం ఒకనాడు అధికారి గారి కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు కదలడం మానేసింది. కార్యాలయమంతా ఆ గదిలో చేరి, రోగి మంచం చుట్టూ చుట్టాల్లా నిలబడి ఉండగా, నా కలం జారి బల్ల కింద పడింది. తీసుకుందామని వంగితే ఊడిపోయిన వైరొకటి కనిపించింది. దూర్చాను. పైన బాణం కదిలింది, చప్పట్లు మోగాయి. నేను బల్ల కిందనుంచి లేచేసరికి నిపుణుణ్ణయిపోయాను.

అప్పటినుంచీ కార్యాలయంలో ఏ కంప్యూటర్‌కు జబ్బు చేసినా నాకే కబురు. నా వైద్యంలో మూడు మెట్లున్నాయి. కళ్ళు చికిలించి తెర వంక చూడటం, ‘ఊఁ’ అనడం, ఆపేసి మళ్ళీ ఆన్ చేయడం. పదింట ఏడుసార్లు అదే బాగుపడేది. మిగతా మూడుసార్లు యంత్రం పాతదైపోయిందని రాసిచ్చి చేతులు దులుపుకునేవాణ్ణి. మీరు నవ్వుకోవచ్చు గానీ, మీ కార్యాలయంలో నిపుణుణ్ణి కూడా ఒకసారి దగ్గరగా గమనించండి.

ఆ వారంలో మేం శుభ్రం చేయాల్సింది నిజానికి ఒకే ఒక్క ఫోల్డర్. దాని పేరు ‘అపరిష్కృత ఫిర్యాదులు’. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ప్రధాన కార్యాలయం నుంచి డైరెక్టరు గారు వస్తారు. ఆ ఫోల్డర్‌లో సున్నా కనిపిస్తే మాకు ‘ఫిర్యాదులు లేని కార్యాలయం’ అన్న ప్రశంసాపత్రం దక్కుతుంది. ఫిర్యాదులు పరిష్కరించి ఖాళీ చేయాలా, ఊరికే ఖాళీ చేయాలా అన్నది ఉత్తర్వులో లేదు. సోమవారం పొద్దున అందులో నూట నాలుగు అర్జీలున్నాయి. కాగితం మీద వచ్చిన అసలు అర్జీలను నిరుడు కాగితాల పరిశుభ్రతా వారంలో చింపేశాం, ఆ తరవాత వచ్చినవాటిని కంప్యూటర్‌లోకి ఎక్కగానే చింపేస్తున్నాం. కాబట్టి ఊరి దాహమంతా ఇప్పుడు ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఉంది.

మా సందు దాహం కూడా అందులోనే ఉంది. ఇది చెప్పుకోవడానికి కాస్త మొహమాటంగానే ఉంది గానీ, మీ దగ్గర దాపరికమేముంది. మా సందులో నలభై ఇళ్ళు, కొళాయి లేదు. పక్క వీధి చివర కొళాయికి పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా నీళ్ళొస్తాయి. మా ఆవిడ అక్కణ్ణుంచి రోజుకు ఎనిమిది బకెట్లు మోసుకొస్తుంది. నేనెందుకు మోయనంటే, నీటి సరఫరా ఉద్యోగి వీధి కొళాయి దగ్గర బకెట్ పట్టుకుని నిలబడితే కార్యాలయ గౌరవానికి భంగం. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే ఆమెకు విడమరిచి చెప్పాను. ఏడాదిగా ఆమె కుడి భుజం పట్టేసింది. బరువులెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నీళ్ళు బరువు కిందికి వస్తాయా అని అడిగితే, వస్తాయనే అన్నారట.

దాంతో ఆవిడ ఆ చేత్తోనే అర్జీ రాసింది. నలభై ఇళ్ళ గడపలూ ఎక్కి సంతకాలు పెట్టించింది. మా సందుకు గొట్టం వేసి కొళాయి ఇప్పించమని మా కార్యాలయానికి వచ్చి, అందరితో పాటు వరసలో నిలబడి, నా కిటికీ దగ్గరికొచ్చి నా చేతికే ఇచ్చింది. నేను రసీదు ఇచ్చాను. ఇంట్లోవాళ్ళను ప్రత్యేకంగా చూడటం నాకు గిట్టదు. ఆనాటినుంచీ రోజూ అన్నం వడ్డిస్తూ, అర్జీ ఏమైందని అడుగుతుంది. ‘నడుస్తోంది’ అంటాను నేను. ఎంతవరకు నడిచిందో ఆవిడ అడగలేదు, నేను చూడలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. సోమవారం పదకొండు గంటలకు, అధికారి గారి సమక్షంలో, సిబ్బంది పదకొండు మందీ చూస్తుండగా, ఫోల్డర్ మీద నొక్కి డిలీట్ కొట్టాను. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ‘ఈ ఫోల్డర్‌ను తొలగించుట సాధ్యం కాదు. ఇది మరొకచోట వాడుకలో ఉంది. అక్కడ మూసివేసి మళ్ళీ ప్రయత్నించండి.’ మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ అదే మాట. లోపలి అర్జీలను ఒక్కొక్కటిగా తీయబోయినా అదే మాట. కళ్ళు చికిలించాను, ఊఁ అన్నాను. ఆపేసి ఆన్ చేద్దామంటే ఆ ఫోల్డర్ ఉన్నది మూలనున్న పెద్ద కంప్యూటర్‌లో. దాని స్విచ్ మీద ‘ముట్టుకోరాదు’ అని కాగితం అంటించి ఉంది. అంటించినాయన రిటైరై తొమ్మిదేళ్ళయింది. ఎందుకు ముట్టుకోరాదో ఎవరికీ తెలియదు, అందువల్ల ఎవరమూ ముట్టుకోం.

‘వాడుకలో ఉంది’ అన్న చోట అందరం ఆగి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా కార్యాలయంలో వాడుకలో ఉన్న వస్తువులు నాకు తెలిసి రెండు. ఒకటి ఫ్యాను, రెండోది గోడ గడియారం. ఫిర్యాదుల ఫోల్డర్‌ను ఎవరైనా వాడతారన్న ఆలోచన మాలో ఒక్కరికీ తట్టలేదు. యంత్రం పొరపాటు పడిందనే తీర్మానించుకున్నాం.

అయినా విచారణ జరపకుండా దేన్నీ కొట్టిపారేయకూడదని అధికారి గారన్నారు. మంగళవారం సర్క్యులర్ తిరిగింది. ఎవరైనా సదరు ఫోల్డర్‌ను వాడుతున్న యెడల వెంటనే ఒప్పుకోవాలనీ, ఒప్పుకున్నవారిపై ఈసారికి చర్య తీసుకోబడదనీ అందులో ఉంది. కింద అందరూ సంతకం పెట్టాల్సిన హామీ ఒకటి. ‘నేను ఈ ఫోల్డర్‌లో గాని, మరే ఇతర ఫోల్డర్‌లో గాని ఎటువంటి పనీ చేయుట లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.’ పదకొండు మందీ తడుముకోకుండా సంతకాలు పెట్టారు. పెద్ద గుమాస్తా గారు నిక్కచ్చి మనిషి. ఆయన పక్కన ‘గతంలోనూ చేసి ఉండలేదు’ అని సొంత దస్తూరీతో చేర్చారు. మా కార్యాలయ చరిత్రలో అంత నిజాయితీగా నిండిన కాగితం ఇంకొకటి లేదు.

అదే రోజు నేనేదో నొక్కితే పెట్టెలో మాట మారింది. ‘నిర్వాహకుని అనుమతి అవసరం’ అంది. ఇంకేం, దారి దొరికిందని నా గుండె తేలికపడింది. అనుమతులంటే మాకు చిన్నప్పటి స్నేహితుల్లాంటివి. వెంటనే ఫైలు తెరిచాను. ఫోల్డర్‌ను తొలగించుటకు అనుమతి కోరుతూ మూడు పేరాలు రాశాను. పెద్ద గుమాస్తా గారు సిఫారసు చేశారు. అధికారి గారు ఆకుపచ్చ సిరాతో ‘అనుమతించడమైనది’ అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టారు. ఆ కాగితాన్ని తెరకు ఎదురుగా ఐదు నిమిషాలు పట్టుకున్నాం. యంత్రం చలించలేదు. ముద్ర సరిగా పడలేదేమోనని ఇంకోసారి కొట్టి మరో ఐదు నిమిషాలు పట్టుకున్నాం.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కాగితం బయట ఉంటే కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది, లోపలికి పంపాలి కదా. అనుమతిపత్రాన్ని స్కాన్ చేసి, వెతుక్కునే శ్రమ లేకుండా తిన్నగా ఆ ఫోల్డర్‌లోనే పెట్టాను. మొత్తం సంఖ్య ఒకటి పెరిగింది. ప్రపంచంలో తొలగించడానికి ఇచ్చిన అనుమతే తొలగించలేని వస్తువుగా మారిన కార్యాలయం మాదొక్కటే అయి ఉంటుంది. అధికారి గారు నా వైపు చూసిన చూపు మీకు చెప్పను.

అయితే బుధవారం నేనొక విచిత్రం కనిపెట్టాను. ఫోల్డర్‌లో అర్జీలు వాటంతటవే తగ్గుతున్నాయి. రోజుకు రెండు. ఒంటిగంట నుంచి ఒంటిగంటన్నర వరకు మాత్రం ఏ కదలికా ఉండదు. మేం వచ్చేసరికి తెరిచి ఉంటుంది, మేం వెళ్ళేసరికీ తెరిచే ఉంటుంది. దీన్నిబట్టి నేను నాలుగు పుటల నివేదిక సమర్పించాను. ఇది బహు తెలివైన వైరస్ అనీ, రోజుకు రెండు ఫిర్యాదులు మాత్రమే భుజిస్తుందనీ, మధ్యాహ్నం అరగంట విశ్రమిస్తుందనీ, క్రమశిక్షణ కలదనీ, ఇటువంటిది మా కార్యాలయంలో మునుపెన్నడూ కనిపించలేదనీ అందులో రాశాను. ఆఖరి మాట అక్షరాలా నిజమని ఇప్పుడు అనిపిస్తోంది.

నివేదిక చదివి అధికారి గారు చాలాసేపు ఆలోచించారు. ఫిర్యాదుల్ని తినే వైరస్ అయితే దాంతో మనకు వైరమెందుకన్నారు. అది రోజుకు రెండు కాకుండా యాభై తినేలా ఏదైనా ఉపాయముందేమో చూడమన్నారు. చూస్తానన్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. కొన్నేళ్ళుగా ఊళ్ళో ఒక్కో వీధికీ నీళ్ళొస్తున్నాయి. ఆ వీధులవాళ్ళు మా కార్యాలయానికి వచ్చి కృతజ్ఞతలు చెప్పిపోతున్నారు. మొదట్లో మేం కంగారుపడ్డాం. తప్పుడు చిరునామాకొచ్చారేమో అనుకున్నాం. తరవాత అధికారి గారు కృతజ్ఞతలు స్వీకరించడం అలవాటు చేసుకున్నారు. అదెలా జరుగుతోందో ఎవరం అడగలేదు. మంచి జరుగుతున్నప్పుడు ఎందుకు జరుగుతోందని తవ్వితే అది ఆగిపోతుందని మా భయం.

గురువారం బయటినుంచి కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిపించారు. నాకు మనసు చివుక్కుమంది గానీ పైకి తేలనివ్వలేదు. ఆయన నడివయసు మనిషి, భుజాన సంచీ. కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు చూశాడు.

“వైరస్ లేదు ఏం లేదు సార్. ఎవరో దీన్ని తెరుచుకుని కూర్చుని పని చేసుకుంటున్నారు. వాళ్ళెవరో చూసుకుని ఒకసారి మూయమనండి, పోతుంది” అన్నాడు.

అధికారి గారి మొహం ఎర్రబడింది. మా సిబ్బంది మీద ఇంత నింద మోపుతావా అని, పదకొండు సంతకాల హామీపత్రం ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు, పెద్ద గుమాస్తా గారు చేర్చిన మాటతో సహా. పన్నెండో మనిషి ఎవరైనా ఉన్నారేమో చూడమని చెప్పి సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. పనితనం లేని మనిషని నేను అందరితో అన్నాను. ఒక్కసారైనా ఊఁ అనలేదు చూశారా అన్నాను.

శుక్రవారం పొద్దున మా ఆవిడ మూడో బకెట్ దగ్గర ఆగిపోయింది. గుమ్మంలో దించేసి, గోడకానుకుని, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని నిలబడింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవలేదు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను, ఆరోజు డైరెక్టరు గారు వస్తారని ఇస్త్రీ చొక్కా. నాకు జాలి వేసింది. నిజంగానే వేసింది, కానీ చొక్కా నలుగుతుందని బకెట్ అందుకోలేదు.

“ఇవాళైనా ఆ అర్జీ సంగతి చూడండి. మీ చేతిలో ఉన్న పనే కదా” అంది.

“ఇవాళ తేలిపోతుంది” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ అర్థమూ లేదు.

కార్యాలయంలో రెండు గంటలకల్లా కుర్చీలు వేశారు, తెర కట్టారు. డైరెక్టరు గారి ముందు ఫోల్డర్‌ను గోడంత పెద్దగా చూపించాలని ఏర్పాటు. అందులో ఇంకా తొంభై ఆరు ఉన్నాయి. అధికారి గారు నన్ను పక్కకు పిలిచి, మూడింటికి సున్నా కనిపించకపోతే నిపుణుడన్న మాట ఈ కార్యాలయంలో ఇంకెవరికి తగునో ఆలోచించాల్సి వస్తుందని మెల్లగా చెప్పారు. ఏం చేయాలో పాలుపోక, పూర్వం కలిసొచ్చిన చోటే వెతుక్కుందామని, ఇస్త్రీ చొక్కాతోనే పెద్ద కంప్యూటర్ బల్ల కింద దూరాను.

అక్కడ పదకొండు వైర్లుండాలి. పన్నెండున్నాయి. పన్నెండోదాన్ని పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ పోయాను. అది గోడ వారగా వెళ్ళి, ఇనప బీరువా వెనక నుంచి, గోడకు కొట్టిన కన్నంలోంచి అవతలికి పోయింది. అవతల విరిగిన కుర్చీలు పడేసే గది. తలుపు తోస్తే కుర్చీల గుట్టల మధ్య ఒక చిన్న బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని ముందు ఒక మనిషి ఉంది. ఆవిడ ఫోల్డర్ తెరుచుకుని పని చేసుకుంటోంది.

ఆవిడెవరో గుర్తు తెచ్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. నాలుగేళ్ళ క్రితం అర్జీలు టైపు చేయడానికి మూడు నెలలకని తాత్కాలికంగా తీసుకున్న టైపిస్టమ్మ. మూడు నెలలయ్యాక ఇక రావద్దని చెప్పడం మేం మరిచిపోయాం. తాత్కాలికులకు సర్క్యులర్ చూపే నియమం లేదు గనక సర్క్యులర్ ఆవిడ దాకా వెళ్ళలేదు. కొత్త అర్జీలను మేం రాకముందే బుట్టలోంచి తెచ్చుకుని టైపు చేస్తే గంటలో అయిపోయేవట. మిగతా పొద్దంతా ఊరికే కూర్చోవడానికి సిగ్గేసి, అర్జీలను ఒక్కొక్కటే చదివి, ఏ వీధికి ఎంత గొట్టం పడుతుందో లెక్క కట్టి, పైపుల మేస్త్రీకి ఉత్తర్వు రాసి, అధికారి గారి సంతకాల కట్టలో పెట్టేదట. ఆయన చదవకుండా సంతకం చేస్తారు. మేస్త్రీ ఉత్తర్వు వచ్చింది కదా అని వెళ్ళి తవ్వుతాడు. అలా పూర్తయినవాటిని ఫోల్డర్‌లోంచి తీసేస్తూ, రోజుకు రెండు చొప్పున పని చేస్తోంది. ఊళ్ళో నీళ్ళెలా వస్తున్నాయో నాకు అప్పుడు తెలిసింది.

నన్ను చూసి ఆవిడ లేచి నిలబడింది. ఒక్కసారి ఆ ఫోల్డర్ మూయాలమ్మా అన్నాను.

“గంటన్నర ఆగుతారా సార్? మీ సందుదే రాస్తున్నాను. నలభై సంతకాలతో మీ ఇంటావిడ ఇచ్చారే, అది. ఇవాళ సంతకానికి పెడితే సోమవారం తవ్వుతారు.”

గడియారం చూశాను. రెండున్నర. మీ దగ్గర నేను గొప్పలు పోను. ఆ క్షణంలో మా ఆవిడ గోడకానుకుని నిలబడటం నా కళ్ళకు కట్టింది. వెళ్ళి అధికారి గారితో, ఇది వైరస్ కాదు, ఒక మనిషి పని చేస్తోంది, అంతే అని చెప్పేస్తే సరిపోయేది. కానీ చెబితే నాలుగు పుటల నివేదిక ఏం కావాలి? క్రమశిక్షణ గల వైరస్ అని సంతకం పెట్టి రాసిచ్చినవాణ్ణి, నాలుగు రోజులు ఒక వైరు లెక్కపెట్టలేకపోయానని ఏ మొహంతో చెప్పను? పైగా సంచీ వాడు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. మా ఆవిడ భుజం ఏడాదిగా నొప్పి పెడుతోంది. నా పరువు మాత్రం ఆ అరగంటలోనే పోయేలా ఉంది.

“ఐదు నిమిషాలేనమ్మా” అన్నాను.

“ఇవి ఇంకెక్కడా లేవు సార్, జాగ్రత్త” అని ఆవిడ మూసేసింది.

నేను అబద్ధమాడలేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్ళీ తిరిగి తెచ్చుకోవడానికి వీల్లేకుండా శాశ్వతంగా తొలగించాలా అని యంత్రం అడిగింది. నిపుణుణ్ణి కదా, అవునన్నాను. తొంభై ఆరూ మాయమయ్యాయి, అధికారి గారి ఆకుపచ్చ సిరా అనుమతితో సహా. వైరస్‌ను ముఖాముఖి ఎదుర్కొని మట్టుపెట్టానని ప్రకటించాను. నా మోకాళ్ళ మట్టి చూసి అందరూ నమ్మారు.

మూడు గంటలకు డైరెక్టరు గారు వచ్చారు. గోడ మీద గుమ్మడికాయంత సున్నా చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నేను ఎన్నో కార్యాలయాలు చూశాను. ప్రతిచోటా ప్రజలు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఇక్కడి ప్రజలకు అడగడానికి ఏమీ మిగల్లేదని ఈ సున్నా చాటుతోంది. మిత్రులారా, వంద సాధించడం తేలిక. సున్నా సాధించడానికి గుండె కావాలి” అన్నారు. ఆ గుండె నాదేనని అధికారి గారు సభకు పరిచయం చేశారు. నాలుగు రోజులు నేను నిద్రాహారాలు మానేశానన్నారు. నేను రెండు పూటలా తిన్నాను, మధ్యాహ్నాలు కునుకు కూడా తీశాను. అయినా పెద్దలు మాట్లాడుతుండగా ఖండించడం మర్యాద కాదని తల వంచుకున్నాను. చట్రం కట్టించిన ప్రశంసాపత్రం నా చేతిలో పెట్టి ఫోటో తీశారు.

ఫోటో తీస్తుండగా టైపిస్టమ్మ వెనక తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. గోడ మీద సున్నాను చూసింది. నేను వేదిక దిగి ఆమె పక్కనుంచి వెళుతుంటే, “ఐదు నిమిషాలు అయ్యాయా సార్?” అని అడిగింది. వినపడనట్టు ముందుకు నడిచాను. ఫిర్యాదులే లేని కార్యాలయంలో ఫిర్యాదులు చూసే మనిషి అక్కర్లేదని ఆ సాయంత్రమే గుర్తించి, సోమవారం నుంచి రానవసరం లేదని ఆవిడకు కాగితం ఇచ్చాం. ఆ కాగితం రాసింది నేనే. నాలుగేళ్ళలో మా కార్యాలయం ఆవిడకు పంపిన మొదటి ఉత్తర్వు అది.

ఇంటికెళ్ళి ప్రశంసాపత్రం మా ఆవిడ చేతికిచ్చాను. ఎడంచేత్తో పట్టుకుని రెండుసార్లు చదివింది. అపరిష్కృత ఫిర్యాదులు సున్నా అంటే మనకు కొళాయి వస్తున్నట్టేనా అని అడిగింది. నీళ్ళు నమిలాను. వదల్లేదు, మళ్ళీ అడిగింది. మన అర్జీ ఇప్పుడక్కడ లేదన్నాను. ఎవరు తీశారంది. నేనేనన్నాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, తిరిగి అరిచేవాణ్ణి. మంచం మీద కూర్చుని, “నలభై గడపలు ఎక్కానండీ” అంది. నాకు సిగ్గేసింది. కార్యాలయంలో ఇన్నేళ్ళలో ఎప్పుడూ వేయనంత సిగ్గు ఆ గదిలో వేసింది. ప్రశంసాపత్రాన్ని గోడకు తగిలించడానికి మేకు కోసం వెతకడం మొదలుపెట్టాను.

శనివారం పొద్దున ఆరు గంటలకు నా ముందు రెండు బకెట్లు పెట్టింది. కార్యాలయ గౌరవం గురించి నేను నోరెత్తలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి పక్క వీధి కొళాయి దగ్గరికి వెళ్ళాను. మా సందంతా అక్కడే ఉంది. వరస మలుపు దాకా సాగింది. దర్జీ, రిటైరైన మాస్టారు, పై వాటాలో ఉండే నర్సు, అందరూ మా ఆవిడ అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళే. పేపర్లో నా ఫోటో పడిందట. నన్ను చూడగానే మాస్టారు చెయ్యి పట్టుకుని ఊపేశారు. మన సందుకే పేరు తెచ్చారన్నారు. నేను చిరునవ్వు నవ్వి వరస చివర నిలబడ్డాను.

నా వెనకే మా ఆవిడ వచ్చింది, ఎడంచేతిలో చిన్న బకెట్‌తో. అందరూ నన్ను పొగడటం కాసేపు విని, గొంతు పెంచకుండా చెప్పింది. “మన అర్జీని తీసేసింది ఈయనేనండీ. మీరంతా సంతకాలు పెట్టిందే. ఇక దాని ఆనవాలు కూడా లేదు.”

కొళాయి కింద బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడొక్కటే వినిపించింది. తన్నులు తప్పవనుకున్నాను. నిజం చెప్పొద్దూ, తినాలనే అనిపించింది. అందరూ ఒకసారి నన్ను చూశారు, ఒకసారి ఖాళీ బకెట్లను చూసుకున్నారు. చివరికి దర్జీ గొంతు సవరించుకున్నాడు.

“ఆయన తీసేయగలిగాడంటే ఆయన చేతిలో ఎంత ఉందో చూడమ్మా. రేపు కొత్త అర్జీ పెట్టినా ఆయన చేతుల మీదుగానే పోవాలి కదా. ఆయన్ని అక్కడ నిలబెట్టారేంటి, ముందుకు రానివ్వండి.”

అవునవునన్నారు అందరూ. బకెట్లు పక్కకు జరిగాయి. నర్సు తన బకెట్‌ను కొళాయి కిందనుంచి సగం నిండగానే లాగేసుకుంది. మాస్టారు నా బకెట్లు నా చేతిలోంచి తీసుకుని తానే మోసుకెళ్ళి కొళాయి కింద పెట్టారు. మా ఆవిడ మాత్రం కదల్లేదు. వరస చివర, తన చిన్న బకెట్ కింద పెట్టుకుని, కుడిచెయ్యి పట్టుకుని అక్కడే నిలబడింది. రెండు బకెట్లూ నిండేదాకా నేను అటువైపు తిరగలేదు.

మీరూ ఆ వరసలోనే ఉన్నారు, నేను చూశాను. నన్ను తిట్టుకుంటూ ఇంతదూరం చదివారు, తిట్టుకోండి, నాకు తగినదే. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. కొళాయి దాకా వెళ్ళడానికి నేను ఎవర్నీ తోయలేదు. మీరే జరిగారు.